ఆరిఫ్ అడిగిన ఆట

నిఖా రేపు.

షేర్వానీ తీసుకోవడానికి మొయిన్ మధ్యాహ్నం ప్రొద్దుటూరు వచ్చాడు. భుజాల దగ్గర కాస్త సరిచేయాలి, కాసేపాగి రమ్మన్నాడు దర్జీ. ఆ కాసేపు ఎక్కడ గడపాలో తోచక భానుప్రకాష్ కంప్యూటర్ షాపు మెట్లెక్కాడు.

"పెండ్లికొడుకు ఈడేం జేస్తాండాడప్పా?" అంటూ భానుప్రకాష్ నవ్వి స్టూలు జరిపాడు.

మొయిన్ కూడా నవ్వాడు. ఈమధ్య ఎదుటివాళ్లు నవ్వితే తనూ నవ్వడం అలవాటు చేసుకున్నాడు.

భానుప్రకాష్ ఒకప్పుడు జమ్మలమడుగులో నెట్ సెంటర్ నడిపేవాడు. బడి వదలగానే మొయిన్, వాళ్లన్న ఆరిఫ్ అక్కడ వాలిపోయేవాళ్లు. ఇద్దరికీ ఒకటే ఆట. కోటలు కట్టడం, ఒకరి కోట మీదికి ఒకరు దండెత్తడం. తీరా మొయిన్ ఓడిపోయే వేళకు ఆరిఫ్ కంప్యూటర్ ఆగిపోయేది. "నా సిస్టం పోయిందిరా, నువ్వే గెలిచినావు" అని లేచిపోయేవాడు. వాడే కాలితో వైరు లాగడం భానుప్రకాష్ చూసేవాడు. చూసి ఊరుకునేవాడు.

"బాగా వచ్చినావు. మీ ఆట మళ్లా వచ్చిండాది, సూడు" అని భానుప్రకాష్ స్క్రీన్ ఇటు తిప్పాడు.

ఆన్‌లైన్ స్టోరులో అదే కోట, అదే ఎర్రజెండా. రంగులు మాత్రం తేటపడ్డాయి. ఆ ఆట తయారుచేసిన కంపెనీ ఎన్నడో మూతపడింది. పాత సీడీలు కొత్త కంప్యూటర్లలో పనిచేయవు. ఇప్పుడెవరో హక్కులు కొని, బాగుచేసి, పోయిన శుక్రవారమే మొట్టమొదటిసారి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారు.

మొయిన్ ఆ బొమ్మ వైపే చూస్తూ కూర్చున్నాడు. సంతోషం వస్తుందేమోనని ఆగాడు. రాలేదు. పోనీ ఏడుపైనా వస్తుందేమో అనుకున్నాడు. అదీ రాలేదు.

ఖతర్ పోయిన కొత్తలో ఈ స్టోరులో ఇద్దరికీ ఖాతాలు తెరిచింది ఆరిఫే. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట.

"మన ఆట వచ్చినాదేమో సూసినావా?"

"ఇంగా రాల్యాదన్నా."

ఆ తర్వాత, సముద్రంలోని నూనెబావుల దగ్గరికి పనివాళ్లను తీసుకుపోయే పడవ గాలివానకు తిరగబడింది. కొందరి శవాలు దొరికాయి. ఆరిఫ్ దొరకలేదు. చాన్నాళ్లు ఎదురుచూశారు. చివరికి పోయినట్టే లెక్క అని కంపెనీవాళ్లు చెప్పారు. జమ్మలమడుగులో శవం లేకుండానే జనాజా నమాజు చదివించారు.

ఆరిఫ్ భార్య షాహిస్తా పులివెందులలోని పుట్టింటికి వెళ్లిపోతానంది. అత్త మహమూదా ఒప్పుకోలేదు.

"ఈ పిల్లను నేను బయటికి పంపను" అని చిన్నకొడుకు మొహంలోకి చూసింది.

మొయిన్ సరేనన్నాడు. షాహిస్తా మాత్రం ఏ సంగతీ చెప్పకుండా నెలలు గడిపింది. ఒకరోజు, కలమల్ల థర్మల్ ప్లాంటులో డ్యూటీ దిగి ఇంటికొచ్చిన మొయిన్‌ను గడప దగ్గరే ఆపింది.

"జాలిపడి జేస్తాంటే నాకొద్దు."

"జాలి కాదు" అన్నాడు మొయిన్.

అది నిజం. ఒకప్పుడు పులివెందులలో ఎవరిదో పెండ్లిలో షాహిస్తాను మొదట చూసి మనసుపడింది తనే. ఇంట్లో చెప్పడానికి ధైర్యం కూడగట్టుకునేలోపే పెద్దలు ఆమెను అన్నకు ఖాయం చేశారు. మొయిన్ నోరు మూసుకున్నాడు. పెండ్లయిన కొన్నాళ్లకు ఆ సంగతి ఆరిఫ్‌కు ఎట్లానో తెలిసింది. తమ్ముణ్ని ఒక్క మాట అనలేదు. ఎవరూ పొమ్మనకుండానే ఖతర్ వీసా తెప్పించుకున్నాడు.

ఇన్నేళ్లు వదినగా 'భాభీ' అని పిలిచిన మనిషిని ఇప్పుడేమని పిలవాలో మొయిన్‌కు తెలియడం లేదు. అందుకే అసలు పిలవడమే మానేశాడు.

"ఆట కొనల్లన్నా" అన్నాడు ఉన్నట్టుండి.

"కొను. ఇంటికి పోయి ఆడుకుందువు."

"నాకు కాదు. మా అన్నకు."

మౌసు మీద భానుప్రకాష్ చెయ్యి ఆగిపోయింది.

"ల్యానోనికి ఏం పంపుతావప్పా?"

"ఖాతా ఉండాది కదా, దాంట్లోకి పోతాది. రేపటి సంగతి ఆయనకు యాడికి పోయి చెప్పల్ల? సమాధన్నా ల్యాదు."

భానుప్రకాష్ లేచి తన కుర్చీ ఇచ్చాడు.

మొయిన్ తన ఖాతా తెరిచాడు. మిత్రుల వరుసలో ఒకే ఒక్క పేరు. ఆరిఫ్. ఆ పేరు బూడిదరంగులో ఉంది, అంటే ఖాతా తెరిచి లేదని. పడవ మునిగిన నాటి నుంచి మొయిన్ ఎప్పుడు చూసినా అట్లాగే ఉంది. మొయిన్ దాని మీద నొక్కి, కానుక అన్నచోట ఆటను ఎంచుకున్నాడు. పక్కనున్న ఖాళీలో నాలుగు మాటలు రాశాడు.

'అన్నా, మన ఆట వచ్చింది. రేపు షాహిస్తాతో నా నిఖా. మాఫ్ చెయ్.'

పంపు అన్నచోట నొక్కాడు. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలైంది.

అంతలో దర్జీ ఫోన్ చేశాడు. షేర్వానీ సిద్ధమట.

"వస్తాండ" అని మొయిన్ లేచాడు. సంచీ భుజాన వేసుకున్నాడు. ఒక పని అయిపోయిందనిపించింది, అంతే. గడప దాకా నడిచాడు.

"మొయినూ, ఆగప్పా" అన్నాడు భానుప్రకాష్. "పోల్యాదిది. వెనక్కొచ్చింది. నువ్వే సదువుకో, రా."

మొయిన్ వెనక్కొచ్చి వంగి చూశాడు.

'కానుక పంపడం కుదరదు. ఈ ఆట మీ మిత్రుని దగ్గర ఇప్పటికే ఉంది.'