మెరుగు

"బిడ్డా, మెడల పుస్తెలతాడు ఎవలకు తీసియ్యకు."

తాగిన నీళ్ల చెంబు తిరిగిస్తూ, గేటు అవతల నిలబడ్డ ముసలాయన అన్నాడు.

సంగీతకు ఒళ్లు మండింది. మొగుడు వీరేందర్ దుబాయి నుంచి మూడేళ్ల తర్వాత ఈ శుక్రవారమే కోరుట్ల వస్తున్నాడు. ఇలాంటప్పుడు ముక్కూ మొహం తెలియనివాడు ముత్తయిదువ ముందు పుస్తెల ఊసెత్తడమా!

"నా పుస్తెల ముచ్చట నీకెందుకు తాతా? నీళ్లు తాగినవ్ గద, పో!"

"గది కాదు బిడ్డా... మెరుగు వెట్టేటోళ్లు అస్తరు. బంగారం ఇయ్యకు. గంతే."

మెరుగు అన్న మాట వినగానే ఆమె గుండె గుభేలుమంది. ముఖం తేరిపార చూసింది. ఆ నెరిసిన గడ్డం, ఆ మాసిన తువ్వాల... ఊరి వాట్సాప్ గ్రూపులన్నింటిలో తిరుగుతున్న ఫోటో ఇతనిదే! జగిత్యాలలో, సిరిసిల్లలో మెరుగు పేరుతో బంగారం పోయిన ప్రతి గల్లీలోనూ సీసీ కెమెరాకు చిక్కిన మనిషి.

"అత్తా! భూమేశ్! ఉరికి రాండ్రి! దొంగ దొరికిండు!"

పక్కింటి ఆటో భూమేశ్ ఒక్క దూకులో వచ్చి పట్టుకున్నాడు. గల్లీ అంతా పోగయింది. చెయ్యి ఉన్నవాడల్లా చెయ్యి చేసుకున్నాడు.

"ఏ ఊరు నీది?"

"కొడిమ్యాల."

"నీతోని ఇంకెవలున్నరు? చెప్పు!"

ఆ ప్రశ్నకు మాత్రం ముసలాయన పెదవి విప్పలేదు. తల వంచుకుని దెబ్బలు తిన్నాడు.

భూమేశ్ ఆటోలో కుక్కి పోలీస్ స్టేషన్‌కు తీసుకుపోతుంటే ముసలాయన తల బయటపెట్టి అరిచాడు.

"బంగారం పైలం బిడ్డా! ఎవలకు ఇయ్యకు!"

గల్లీ అంతా ఒకటే నవ్వు.

"దొంగనే పైలం అంటుండు, సూడుండ్రి!"

ఆ మధ్యాహ్నమే ఇంకొకడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డు, మాటల్లో బెల్లం.

"అక్కా, కంపెనీ ప్రచారం. పైసల్ వద్దు. గా రాగి బిందె ఇయ్యి, జర సూపిస్త."

దొంగ ఠాణాలో ఉన్నాడు, ఇంకేం భయం? సంగీత బిందె తెచ్చింది. వాడు ఏదో పొడితో తోమితే, చింతపండుకు లొంగని మరకలు కూడా పోయి బిందె ఎర్రగా తళతళలాడింది. అత్త లస్మవ్వ ముచ్చటపడి కాళ్ల కడియాలు తీసిచ్చింది. అవీ తెల్లబడ్డాయి.

"రాగి గాలికి నల్లవడ్తది, వెండి గంధకం తాకితె నల్లవడ్తది," అంది సంగీత. జగిత్యాలలో ఇంటర్ చదివిన పిల్ల మరి, ఊరుకుంటుందా!

"సదువుకున్నోళ్ల తీరే వేరక్కా! మరి బంగారం?"

"బంగారాన్ని ఏదీ ఏం జెయ్యది. ఆసిడ్ల ఏసినా కరుగది."

"నువ్వే చెప్తివి గద! ఇంకెందుకు భయం?"

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. ఆమె మాటతోనే ఆమెను కట్టేశాడు.

సంగీత పుస్తెలతాడు చేతిలోకి తీసుకుని చూసుకుంది. వీరేందర్ దుబాయి ఎండలో మాడి సంపాదించిన మొదటి కష్టంతో చేయించినది. తను రోజూ చుట్టే బీడీల పొగాకు దుమ్మూ, పసుపూ, చెమటా పట్టి మసకబారింది. మొగుడు వచ్చేసరికి కొత్తదానిలా మెరవాలని ఏ ఆడదానికి ఉండదు?

"మెడ బోసిగ ఉండొద్దు పిల్లా," అంటూ లస్మవ్వ దారానికి పసుపుకొమ్ము కట్టి కోడలి మెడలో వేసింది.

తాడు వాడి చేతికి పోయింది. తన గాజు గిన్నెలో వేసి పసుపు చల్లాడు, సీసాలోంచి ఏదో పోశాడు. కాసేపటికి బయటికి తీసి, కడిగి, పసుపు ముద్దలో చుట్టి ఇచ్చాడు.

"పొద్దుగూకినంక ఇప్పుండ్రి. గీ మురికి నీళ్లు నేనే పారవోస్త అక్కా, మీకెందుకు తిప్పలు!"

గిన్నెలోది తన డబ్బాలో వంచుకుని, మూత బిగించుకుని పోయాడు.

ఎంత మంచి పిల్లగాడో అనుకున్నారు అత్తాకోడళ్లు.

సాయంత్రం విప్పి చూస్తే తాడు దారప్పోగులా ఉంది. చేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, పాఠంలో మరిచిపోయిన సగం. ఏ ఒక్క ఆసిడ్‌లోనూ కరగని బంగారం, రెండు ఆసిడ్లు కలిసిన ద్రవరాజంలో ఉప్పులా కరిగిపోతుంది. ఆ మురికి నీళ్లే తన బంగారం. వాడి డబ్బాలో ఎప్పుడో ఊరు దాటిపోయింది!

"నా మొగనికి ఏం మొకం సూపియ్యాలె!" అని లబోదిబోమంటూ స్టేషన్‌కు పరుగెత్తింది.

కానిస్టేబుల్ అంతా విని మూలకు చెయ్యి చూపించాడు.

"గా ముసలోన్ని అడిగి అడిగి యాష్టకొచ్చిందమ్మా. 'కడుపు సించుకుంటె కాళ్ల మీద వడుతది సార్' అంటడు. గంతకుమించి నోరిప్పడు."

మూలన నేల మీద కూర్చుని ఉన్నాడు ముసలాయన. పెదవి మీద నెత్తురు ఎండిపోయింది. సంగీత అతని ముందు కూలబడింది.

"తాతా, నువ్ పొద్దుగాల్నే చెప్పినవ్. నేనే ఇనలేదు. నిన్ను కొట్టిపిచ్చిన..."

ఆయన ఆమె మెడలోని పసుపుకొమ్ము వైపు చూశాడు. రెండు చేతులూ జోడించాడు.

"నీ ఇంటికి గూడ అచ్చిండా బిడ్డా, మా కొడుకు?"