ముప్పై తొమ్మిది గింజలు

కోమల ఇత్తడి చెంబును డాక్టరు బల్ల మీద బోర్లించింది. కాఫీ గింజలు గలగలా దొర్లాయి.

“చూడండి డాక్టరయ్యా! నీళ్లు తప్ప ఈయన నోట్లో ఏది పడినా ఒక గింజ వెయ్యమంటిరి గదా. నిన్న ఒక్క దినానికే ఇన్ని పడినాయి!”

పక్కన నిలబడ్డ ఆమె మొగుడు పట్టాభి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. అంగడివీధిలో కాఫీ క్లబ్బు తెరిచి నెలైంది. ఆ నెలనాళ్లుగా మహానుభావుడికి కంటిమీద కునుకు లేదు. మొన్న నిద్రమత్తులో చెయ్యి తూలి, మరిగే పాలు కాలిమీద పోసుకున్నాక గానీ డాక్టరు గుర్తు రాలేదు.

డాక్టరు త్యాగరాజన్ ఫ్రెంచివాళ్ల బడిలో వైద్యం చదివినవాడు. కారణం తేలందే మందు ఇవ్వడు. గింజల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ముప్పై తొమ్మిది!

“పొద్దున ఇడ్లీ, రెండుపూటలా అన్నం. మూడు తీసెయ్. తక్కిన ముప్పై ఆరు ఏంది పట్టాభీ? కాఫీనా?”

“నేను కాఫీ తాగనే తాగను సామీ! దేవుడి తోడు! ఊరికే రుచి చూస్తాను, అంతే. దించినప్పుడల్లా డికాషన్‌లో ఒక్క గుక్క. పల్చనైతే గిరాకీ పోదా?”

“గుక్కంటే ఎంత?”

పట్టాభి రెండు వేళ్లు కాస్త ఎడంగా చూపించాడు. కోమల ఆ వేళ్లు పట్టుకుని ఇంకా ఎడంగా సాగదీసింది.

డాక్టరు దిగ్గున లేచాడు. దొంగను పట్టుకున్న పోలీసు కూడా అంత సంబరపడడు.

“దొరికింది! నీ నిద్రకు శత్రువు నీ పొయ్యిమీదే ఉండాది! ఆ డికాషన్ తాగినోడికి తెల్లవార్లూ నిద్ర పట్టదు! ఈ పొద్దు నుంచి చుక్క ముట్టొద్దు. రుచి కోమల చూస్తాది, అదీ పొద్దున ఒక్కసారే.”

“మెల్లగా సామీ, మెల్లగా! ఎవరన్నా వింటే నా క్లబ్బు మూతబడతాది!”

వినేవాడు విననే విన్నాడు. గుమ్మం దగ్గర దగ్గుమందు కోసం ఆవులిస్తూ కూర్చున్న మిల్లు మేస్త్రీ ఏలుమలై తల లోపలికి పెట్టాడు.

“తెల్లవార్లూనా డాక్టరయ్యా? నిజంగానా?”

“నిజంగానే!”

అంతే. ఏలుమలై మందుకు తెచ్చిన సీసా అక్కడే వదిలేసి వీధిలో పడి పరుగెత్తాడు.

“పోయింది! మిల్లంతా చాటుతాడు వాడు!” పట్టాభి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

మాట ఆలుమగలకంటే ముందే అంగడివీధికి చేరింది. ఆ రోజు క్లబ్బులో ఈగలు తోలుకోవడమే పని. డికాషన్ ముట్టని పట్టాభి మధ్యాహ్నానికి గల్లాపెట్టె మీద తలవాల్చి గురక పెట్టాడు, నెలలో మొదటిసారి! కోమలకు ఆనందంతో ఏడుపొచ్చింది. ఖాళీ బల్లలు చూసి మళ్లీ ఏడుపొచ్చింది.

సాయంత్రం మిల్లు కూత వినబడిందో లేదో, వీధి మలుపులో ఒకటే కేకలు.

“లెయ్యయ్యా, లే! జనం వస్తాండారు!” కోమల మొగుణ్ణి కుదిపింది.

పట్టాభి ఉలిక్కిపడి చూశాడు. ముందు ఏలుమలై, వెనక నలభై మంది. చేతుల్లో ఏవో తళతళ మెరుస్తున్నాయి. గబగబా తలుపులు లాగాడు. ఏలుమలై సందులో కాలు పెట్టేశాడు.

“యాడికి మూస్తావు పట్టాభీ?”

“తెలీక పోసినాను అన్నా! నీకు పుణ్యముంటాది, కొట్టొద్దు!”

“కొట్టేదేంది? రాత్రి పాళీ పనిలో కునుకు తీస్తే మిల్లు దొర మాకు కూలి కోస్తాండాడు!” ఏలుమలై తలుపు తోసి ఖాళీ చెంబు ముందుకు చాపాడు. వెనక నలభై చెంబులు లేచాయి. “నిండా పొయ్యి. కానీ ముందు దేవుడి తోడు ఒట్టెయ్, తెల్లవార్లూ నిద్ర పట్టదు గదా?”