చీమ సెలవులు

"ముందు నువ్వు చెప్పు," అన్నాడు అన్నయ్య, నాలుగో బేకరీలో కేకు ముక్కని వేలితో నొక్కి చూస్తూ.

ఆమె కొరికింది. నింపాదిగా నమిలింది. "వెన్న బాగానే వేశాడు. తీపే కాస్త ఎక్కువైంది. మింగాక నాలుక మీద పిండి మిగులుతోంది."

అతనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. కళ్లు మూసుకుని తలూపాడు. "అంతే. పిండి మిగులుతోంది."

ఆమెకు ఒళ్లు మండింది. "నేను చెప్పింది నాకే చెప్పడానికా అంత దూరం నుంచి వచ్చావు?"

"సెలవులకి వచ్చాను. మన ఊరి స్వీట్లు తినిపోదామని," అన్నాడు నవ్వుతూ.

చిన్నప్పుడు అతని పేరు చీమ. అమ్మ ఏ డబ్బాలో ఏ తీపి దాచినా మూత తీయకుండానే పసిగట్టేవాడు. ఆ నాలుకే తర్వాత అతనికి అన్నం పెట్టింది. పెద్ద హోటల్లో కేకుల మాస్టరయ్యాడు. ఎనిమిదేళ్లుగా నాలుగు రోజుల సెలవు దొరకని మనిషి, ఫోనైనా చేయకుండా పది రోజులకని దిగాడు. దేవుడే పంపాడనుకుంది ఆమె.

నాన్న పెట్టిన బేకరీ ఆమె చేతిలో మునిగిపోతోంది. నాన్న పోయి రెండేళ్లు. పొయ్యి అదే, కొలతలు అవే. కొనేవాళ్లే లేరు. పొద్దున నింపిన ట్రేలు సాయంత్రానికి నిండుగానే ఉంటున్నాయి. మొన్న మిగిలిన బన్ను వేస్తే వీధికుక్క కూడా వాసన చూసి పక్కకు తప్పుకుంది. ఏం తక్కువైందో ఆమెకు అంతుపట్టలేదు. తన నాలుక మీద తనకే నమ్మకం పోయింది.

అద్దె ఒప్పందం గడువు ముగుస్తోంది. కొట్టు ఉంచుకుంటుందో వదిలేస్తుందో ఆదివారం మధ్యాహ్నంలోగా గది యజమానికి చెప్పాలి. అన్నయ్య బస్సు ఆదివారం పదింటికి.

అందుకే అతన్ని ఊళ్లోని ప్రతి బేకరీకీ, ప్రతి మిఠాయి కొట్టుకీ తిప్పింది. వాళ్ల సరుకుకీ తన సరుకుకీ తేడా ఎక్కడుందో అతను చెప్పాలి. పాత దుకాణదార్లు గుర్తుపట్టి, "చీమ వచ్చాడర్రా, డబ్బాలు సర్దేయండి," అని నవ్వారు. అతను బిస్కెట్టుని చెవి దగ్గర పెట్టుకుని విరిచాడు. రొట్టె కోసి, లోపలి గుల్లను వెలుతురులో చూశాడు. రుచి దగ్గరికొచ్చేసరికి మాత్రం అదే మాట. ముందు నువ్వు చెప్పు. ఆమె చేసిన కేకు పెట్టినా అదే మాట.

శనివారం సాయంత్రం ఆమె బయటి నుంచి పరుగున వంటింట్లోకి వచ్చి పొయ్యి కట్టేసింది.

"పాలు మాడి వీధి చివరిదాకా వాసన కొడుతోంది. పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నావా?"

"సెలవుల్లో ముక్కుకి కూడా సెలవే తల్లీ."

ఆమె నవ్వలేదు. మాడిన గిన్నె పట్టుకుని అక్కడే కూలబడింది. "ఇంక దాటేయకు అన్నయ్యా. నా చేతిలో రుచి లేకపోతే లేదని చెప్పెయ్. మూసేసి ఎక్కడైనా పనిలో చేరతాను. ఇలా రోజూ కొంచెం కొంచెంగా చావలేను."

అతను పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"రేపు పొద్దున క్రీము బన్ను చెయ్యి. నాన్న చేసినట్టు. తిని చెప్తాను."

నాన్న పద్ధతి ఒకటుంది. ముందురోజే అన్నీ కొలిచి, గిన్నెల్లో పోసి, బల్ల మీద వరసగా పెట్టాలి. చక్కెర గిన్నె మాత్రం విడిగా, కిటికీ దగ్గర, నీళ్లు పోసిన పళ్లెంలో. "ఆరు కాళ్ల చీమలకైతే నీళ్లు చాలు, రెండు కాళ్ల చీమకి తాళం కప్ప కావాలి," అనేవాడు నాన్న. ఆమె కొట్టు వెనక గదిలో అన్నీ అలాగే పెట్టి వచ్చి పడుకుంది. నిద్ర పట్టలేదు.

తెల్లవారుజామునే లేచింది. గబగబా పిండి పిసికింది, బన్నులు కాల్చింది, క్రీము గిలకొట్టి నింపింది. రుచి చూడలేదు. చూస్తే ఉన్న కాస్త ధైర్యమూ పోతుందని భయం. ఒక బన్ను కాగితంలో చుట్టుకుని బస్టాండుకి పరుగెత్తింది.

అతను బస్సు మెట్టు మీద నిలబడి తిన్నాడు. తొందరపడకుండా, చివరి ముక్కదాకా. వేలికంటిన క్రీము కూడా వదల్లేదు. ఆమె అతని మొహమే చూస్తోంది. డ్రైవరు హారన్ కొట్టాడు.

ఈసారి అతను ముందు నువ్వు చెప్పు అనలేదు. కళ్లనిండా నీళ్లు.

"అచ్చం నాన్న చేతిదే. తీపి ఒక్క పిసరు ఎక్కువ లేదు, తక్కువ లేదు. కొట్టు మూయకు."

"నిజంగా?"

"నా నాలుక మీద ఒట్టు."

బస్సు మలుపు తిరగకముందే ఆమె యజమానికి ఫోను చేసింది. "కొట్టు వదలనండీ."

"ఇంకోసారి ఆలోచించుకోమ్మా. ఇప్పుడు ఊఁ అంటే మళ్లీ మూడేళ్లు కదలడానికి లేదు."

"ఆలోచించేదేం లేదండీ. మా అన్నయ్య తిని చెప్పాడు."

ఎన్నో నెలల తర్వాత కొట్టు తలుపులు బార్లా తెరిచింది. బన్నుల ట్రే అద్దాల బీరువాలో ముందు వరసలో పెట్టింది. గిన్నెలు కడుగుదామని వెనక గదిలోకి వెళ్లింది.

కిటికీ దగ్గర నీళ్ల పళ్లెంలో, పొద్దున క్రీములో కలపాల్సిన చక్కెర, ఒక్క చీమా ముట్టకుండా, కొలిచింది కొలిచినట్టే ఉంది.