బొత్తాలు పెట్టని కోటు

మంచం మీద డ్రెస్సులన్నీ పరిచి ఉన్నాయి. కోట్లు కుర్చీ మీద ఉన్నాయి.

అత్తగారు నడుం మీద చేతులు పెట్టుకుని, పుచ్చు వంకాయలు ఏరే కళ్లతో వాటిని చూసింది.

“లోపల ముదురు రంగు వేసుకో. పైన కూడా ముదురే. మెడ దగ్గర మాత్రం లేతది ఏదైనా చుట్టుకో. చూసేవాళ్ల కళ్లు అక్కడే ఆగిపోతాయి.”

“కోటుకి బొత్తాలు పెట్టనా అత్తయ్యా?”

“పెట్టావంటే నువ్వే చాటింపు వేసుకున్నట్టు. వదిలెయ్. రెండు పక్కలా వేలాడనియ్.”

కోడలు వదిలేసింది. అద్దంలో ఐదో నెల మాయమైంది.

అత్తాకోడళ్లు ఇంత సఖ్యంగా ఉండడం ఆ ఇంట్లో కొత్త. కోడలి ఉద్యోగం పర్మనెంటయ్యేదాకా కడుపు సంగతి గుమ్మం దాటకూడదు. దాంతో పొద్దున్నే ఇద్దరికీ కలిసి చేసే పని ఒకటి దొరికింది. కొడుకు తొంగిచూసి “బాగుంది” అంటే, “నిన్నెవరు అడిగార్రా” అని పంపించేసేది పెద్దావిడ.

ఆఫీసులో పర్మనెంటు కుర్చీ ఒక్కటే ఖాళీ ఉంది. దానికోసం చూస్తున్న టెంపరరీలు ఇద్దరు.

కడుపుతో ఉన్నవాళ్లని తీసుకోరని ఎక్కడా రాసి లేదు. రాయకపోయినా అందరికీ తెలుసు. పోయినేడు ఒకావిడతో, “ప్రసవం కానీ అమ్మా, తరవాత చూద్దాం” అన్నారు. ప్రసవం అయింది. ఎవరూ చూడలేదు.

ఇంతలో కోడలి వేషం ఆఫీసులో ఫ్యాషనై కూర్చుంది. మొదట రిసెప్షన్ అమ్మాయి పొడుగు కోటు వేసుకొచ్చింది. తరవాత బిల్లుల సెక్షన్లో సగం మంది వేసుకొచ్చారు. “ఏ షాపులో కొన్నావే, కాస్త చెబుదూ” అని వెంటపడ్డారు. కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

చిట్టి కూడా వేసుకొచ్చింది.

అది అసలు పేరు కాదు, మనిషి పొట్టి కాబట్టి అందరూ అలా పిలుస్తారు. ఆ కుర్చీకి పోటీ ఆ పిల్లే.

చిట్టి కోటుకి మెడ దాకా బొత్తాలు పెట్టింది. కరెంటు పోయి అందరూ చెమటలు కక్కుతున్నా తీయలేదు. పెన్ను కింద పడితే వంగలేదు. గోడ పట్టుకుని మెల్లిగా మోకాళ్ల మీద కూర్చుని తీసుకుంది.

కోడలికి అర్థమైపోయింది.

చూడనట్టు ఊరుకుంటే సరిపోయేది. ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు పసిగట్టేవాళ్లు. ఆ ఆఫీసులో నోట్లో నువ్వుగింజ నానే మనిషి లేడు. కుర్చీ దానంతటదే నడిచొచ్చేది.

మధ్యాహ్నం చేతులు కడుక్కునే చోట ఇద్దరే ఉన్నారు.

“బొత్తాలు పెట్టకు,” అంది కోడలు కుళాయి కట్టేస్తూ. “వదిలెయ్. మెడకి లేతరంగు స్కార్ఫ్ వేసుకో.”

చిట్టి గతుక్కుమంది. అద్దంలోంచి కోడలి కోటు వైపు చూసింది. చాలాసేపు చూసింది.

“సరే అక్కా.”

ఆ రాత్రి సంగతి విని అత్తగారు నెత్తి కొట్టుకుంది.

“మన గుట్టు పట్టుకెళ్లి దాని చేతిలో పెట్టొచ్చావు కదే, పిచ్చిమొహమా.”

“నా సంగతేం చెప్పలేదత్తయ్యా. బొత్తాల గురించే చెప్పాను.”

“రెండూ ఒకటే.”

కుర్చీ ఎవరిదో తేలే రోజు, అది తేల్చాల్సిన ఆఫీసు మేడం కోడల్ని తన గదిలోకి పిలిచింది. అవీ ఇవీ అడిగింది. తరవాత పేపర్లు సర్దుతూ అంది.

“చిట్టి ఈమధ్య కోటు తీయట్లేదేం? ఒంట్లో ఏమైనా...”

మాట పూర్తిచేయలేదు. సగం అని మిగతాది ఎదుటివాళ్ల నోట చెప్పించడం ఆవిడ అలవాటు.

ఒక్క మాట చాలు. అబద్ధం కూడా కాదు. కోడలి గొంతు దాకా వచ్చింది ఆ మాట.

“నన్ను చూసి మొదలెట్టిందండీ. ఇప్పుడందరూ అవే వేసుకుంటున్నారు కదా.”

“అంతేనా?”

“అంతేనండీ.”

మేడం కోడలి కోటుని పైనుంచి కిందిదాకా చూసింది.

“నీకు బాగుంటుంది,” అంది.

సాయంత్రం కుర్చీ చిట్టిదని తేలింది. ఆర్డరు వచ్చే నెల చేతికిస్తారట. అందరూ చప్పట్లు కొట్టారు. కోడలూ కొట్టింది. కడుపు మండింది, ఏడుపూ వచ్చింది, అయినా కొట్టింది.

బస్టాపు దగ్గర వెనకనుంచి గబగబా అడుగులు వినిపించాయి.

“అక్కా.”

“పరుగెత్తకు,” అంది కోడలు.

చిట్టి ఆగింది. ఊపిరి తీసుకుంది.

“మిమ్మల్ని పిలిచే ముందు మేడం నన్ను పిలిచారక్కా. మీ కోటు గురించి అడిగారు.”

ఏం చెప్పావని కోడలు అడగలేదు.

“నా గురించి మీరు ఎలాగూ చెప్పేస్తారనుకున్నా,” అంది చిట్టి నేల చూపులు చూస్తూ. “అందుకని...”

బస్సు వచ్చింది. జనం ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ ఎక్కారు, వాళ్లతోపాటు వీళ్లిద్దరూ. లోపల సగం మంది ఆఫీసువాళ్లే.

కోడలు కోటు విప్పి చేతి మీద వేసుకుంది. ఒంటికి గాలి తగిలి హాయిగా అనిపించింది.

ముందు సీట్లో పెద్దాయన ఆమెని చూసి గబుక్కున లేచాడు. “కూర్చో తల్లీ, ఇలాంటప్పుడు నిలబడకూడదు.”

కోడలు కూర్చుంది.

చిట్టి కోటు సర్దుకుని, పైనున్న కమ్మీ అందక, సీటు అంచు పట్టుకుని నిలబడింది.