కోచ్ అడిగిన పని

ఇది రాయడం ఎందుకులే అని పోస్టుకార్డు పక్కన పడేశాను. మా ఆవిడ పోరు పడలేక మళ్ళీ తీశాను.

మా అలబామాలో చర్చి ఎగ్గొట్టినవాణ్ణయినా క్షమిస్తారు గాని, కాలేజీ ఫుట్‌బాల్‌లో ఓడిన కోచ్‌ని క్షమించరు. మా ఊరి కాలేజీ కోచ్ హాస్కెల్‌ని అలాగే పీకేశారు. అయినా ఒప్పందం ముగిసేదాకా జీతం ఇవ్వాల్సిందే. షరతల్లా, అతను వేరే పని వెతుక్కుంటూ ఉండాలి. దొరికితే ఆ సంపాదన మేరకు కాలేజీ తానిచ్చే జీతంలో కోసుకుంటుంది. అందుకే ఇలాంటివాళ్ళు, తమకు పని ఇవ్వరని తెలిసిన చోటికే వెళ్ళి అడుగుతారు.

నిన్న నా హోటలుకొచ్చి, "ఓటిస్, గిన్నెలు తోమే పని ఖాళీగా ఉందటగా?" అన్నాడు.

రేపు కాలేజీ లాయరు అడిగితే "అక్కడా లేదన్నారు" అని చెప్పుకోవడానికన్నమాట!

"నాటకాలాపు కోచ్! నీ బూట్ల ఖరీదు చెయ్యదు నా వంటిల్లు."

"ఉందా, లేదా?"

నాకూ మొండితనం వచ్చింది. "ఉంది. రేపు తెల్లారేసరికి రా. నేనిచ్చే జీతం మాత్రం నిన్ను పీకినవాళ్ళకే లాభం."

"తెలుసు. వంటింట్లో ఎంతమంది ఉంటారు?"

"నలుగురు."

"మాట్లాడతారా?"

"నోళ్ళు మూతపడవు."

"మంచిది," అని వెళ్ళిపోయాడు.

కాలేజీని ఎవరేమంటున్నారో ఆరా తీస్తాడు కాబోలని, మావాళ్ళను జాగ్రత్తగా ఉండమన్నాను.

ఈ ఉదయం నేను తాళం తీసేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఏప్రన్ కట్టుకుని, మొక్కజొన్న గ్రిట్స్ జావ అడుగంటిన గిన్నె తోమడం మొదలుపెట్టాడు. తోముతూనే మావాళ్ళ వైపు తిరిగి, "ఏదో ఒకటి మాట్లాడండయ్యా, పీకేశాక నాతో మాట్లాడేవాళ్ళే లేరు," అన్నాడు.