శ్రీ, నాలుగు చుక్కలు

“కీ నీ దగ్గర తప్ప ఇంకెవురి దగ్గరుండాది? పోలీసుల్ని పిలుస్తా!”

చింతామణి ల్యాబు యజమాని బాలచంద్ర టేబుల్ గుద్దాడు. ఎదురుగా ప్రోగ్రామర్ రక్షిత. పక్కన రశ్మి తండ్రి వెంకటరాయప్ప, కళ్లతోనే ఆమెను కాల్చేస్తున్నాడు.

రశ్మికి హెపటైటిస్ అని ఈ ల్యాబులోనే తేలింది. రెండు రోజుల్లో నిశ్చితార్థం రద్దయింది. పెళ్లికొడుకు అమరేష్ జబ్బు పేరుతో సహా చెప్పి వద్దన్నాడు. అతనూ ఇక్కడి ఉద్యోగే. ఫైళ్ల బ్యాకప్ అతని పని. ఫలితాలన్నీ ఎన్‌క్రిప్ట్ అయి, కీ లేనిదే చదవలేని గజిబిజిగా ఉంటాయి. కీ అతనికివ్వలేదు.

“నాకు కనపడేదంతా గజిబిజే గద సార్,” అన్నాడు తలుపు దగ్గరున్న అమరేష్. “ఈయమ్మే చెప్పింది.”

“అబద్ధం!” అంది రక్షిత.

“నా బిడ్డ గదిలోనించి బయటికే రాలేదు,” వెంకటరాయప్ప రక్షిత వైపు తిరిగాడు. “నీకేమొచ్చె తల్లీ?”

రక్షిత స్క్రీన్ తిప్పింది.

“కీ లేకపోయినా కనిపెట్టొచ్చప్పా. చూడండి.”

పేర్లు మామూలుగానే ఉన్నాయి. ఫలితాల గడిలో మాత్రం ప్రతి వరుసా ‘శ్రీ....’ అని మొదలై, ఆపైన గజిబిజి.

“ఆ మొదటి పదహారు బైట్లు ప్రతి రిపోర్టుకీ కొత్తగా పుట్టల్ల. ఎవురూ ఊహించలేనట్ల. అప్పుడే ఇద్దరికి ఒకే జబ్బున్నా గజిబిజి వేరేగా వస్తాది. అట్ల పుట్టించేదానికే చిక్కబళ్లాపురం బ్రాంచికి జావాలో సెక్యూర్ రాండమ్ పెట్టినా. బాగేపల్లికి పైథాన్‌లో సీక్రెట్స్. ఈడ పీహెచ్‌పీలో రాండమ్ బైట్స్ రాస్తే సారే తీయించినారు.”

“శ్రీ లేకుండా మా ఇంట్లో ఏ కాయితమూ మొదలు కాదు!” బాలచంద్ర అరిచాడు. “పిచ్చి గీతలతో మొదలుపెట్టమంటావా?”

“అందుకే శ్రీ, నాలుగు చుక్కలు పెట్టినా. శ్రీకి పన్నెండు, చుక్కలకు నాలుగు, లెక్కకు పదహారు బైట్లు సరిపోయె. వినింది నా తప్పే. ఇప్పుడు జబ్బు ఒకటైతే గజిబిజీ ఒకటే.”

అమరేష్ నవ్వాడు. “వంద రకాల జబ్బులుండాయి. ఏ గజిబిజి ఏ జబ్బని నాకెట్ల తెలుస్తాది? కలలోకొచ్చి చెప్తాయా?”

“ఒక్క రిపోర్టు సంగతి తెలిసుంటే చాలు. దాంతో సరిపోయేవన్నీ తెలిసిపోతాయి.”

“కతలు పడతాండాది. ముందు పోలీసుల్ని పిలవండి సార్!”

బాలచంద్ర ఫోన్ తీశాడు. వెంకటరాయప్ప అడ్డంగా చెయ్యి పెట్టాడు.

“ఒక్క నిమిషం ఆగప్పా. ఎవురి రిపోర్టుతో సరిపోతాదో చూడనీ.”

రక్షిత రశ్మి గజిబిజిని కాపీ చేసి, వెతికే గడిలో వేసి, ఎంటర్ నొక్కింది.

వేల రిపోర్టుల్లో దానితో అక్షరం పొల్లు పోకుండా సరిపోయింది ఒక్కటే, అమరేష్‌ది.