ముందు బొట్టు, ఆఖర్న ముఖం

రాక్షసుడికి ముందుగా బొట్టు పెట్టింది కుసుమకుమారి.

“ముఖమే లేదు, అప్పుడే బొట్టేంటి?” అన్నాడు చెంచురామయ్య, మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంటూ. ఇది ఏడో బొమ్మ. ఏడుసార్లూ ఇదే ప్రశ్న. జవాబు అతనికి తెలుసు. ఆమె చేత మాట్లాడించడానికే అడుగుతాడు.

“అద్దం మీద బొమ్మండి ఇది. వెనకవైపు వెయ్యాలి, ముందువైపు చూడాలి. బొట్టు ముందు. తర్వాత కళ్ళు, మీసాలు. ముఖానికి రంగు ఆఖర్న. అది పూసేశాక ఏం మర్చిపోయినా ఇంక లోపల పెట్టలేం.”

పెళ్ళికి ముందు బాపట్లలో పక్కింటి మామ్మ దగ్గర నేర్చుకున్న విద్య. పదేళ్ళుగా అటకెక్కి కూర్చుంది. పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, కడుపుతో ఉన్న ఆమెను ఆరో నెలలో డాక్టరు మంచం దిగొద్దన్నాక ఆ విద్య మళ్ళీ కిందికి దిగింది. పెద్దపిల్ల మాణిక్యం తర్వాత రెండు కడుపులు నిలవలేదు. “కదలకూడదు. మనసుకు చిన్న దెబ్బ కూడా తగలకూడదు. తగిలితే ఇద్దరూ దక్కరు,” అని డాక్టరు చెంచురామయ్యను గుమ్మం బయటికి పిలిచి మరీ చెప్పాడు.

ఆ వారమే తొమ్మిదేళ్ళ మాణిక్యానికి కీళ్ళ జ్వరం ముదిరి గుండెకు పట్టింది. తెనాలి ఆస్పత్రిలో చేర్చారు. పిల్లకు తోడుగా మేనత్త అక్కడే ఉంది. తల్లేమో రేపల్లె పక్కన పల్లెలో మంచం మీద. ఇద్దరి మధ్యా తండ్రి, ప్యాసింజరు బండి.

నెలనెలా వచ్చే పిల్లల పత్రికలో బొమ్మల కథంటే మాణిక్యానికి ప్రాణం. అందులో అందరికీ నిమ్మకాయలంత కళ్ళు. వంటొచ్చిన రాక్షసుడు, పిరికి రాజకుమారుడు, తోక పారేసుకున్న కోతి. వాళ్ళను ఒక్కొక్కరినే అద్దం మీదకు దించి, వారానికొకటి కూతురికి పంపేది కుసుమకుమారి. కుంచె పట్టుకున్నంతసేపూ ఆమె దిగులు ఎటో పోయేది.

మూడో బొమ్మ తీసుకెళ్ళిన రోజు ఆస్పత్రిలో పిల్ల మంచం ఖాళీగా ఉంది. నర్సు సారా అతని చేతిలో అద్దం అందుకుని, బెంచీ మీద కూర్చోబెట్టింది. తెల్లవారుజామున పోయిందట. కబురు అందేలోపే అతను రైలెక్కేశాడు.

తెనాలిలోనే తన చేతులతో మట్టి కప్పాడు. అలా వచ్చినవాడు తలారా పోసుకోకుండా ఇంట్లోకి రాకూడదు. సాయంత్రం ఇంటికి చేరి, నూతి దగ్గర రెండు బిందెలు గుమ్మరించుకుని తడిబట్టలతో గుమ్మం తొక్కాడు.

“రైల్లో ఒకటే బొగ్గు నుసి,” అన్నాడు.

“తల తుడుచుకోండి, పడిశం పడుతుంది,” అంది కుసుమకుమారి. ఇంకేమీ అడగలేదు. అడగనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

ఊళ్ళో అందరి నోళ్ళూ మూయించాడు. కాన్పు అయ్యేదాకా ఎవరూ పెదవి విప్పకూడదు. బొమ్మలు మాత్రం ఆగకూడదు, ఆగితే అనుమానం వస్తుంది. ప్రతి శనివారం అద్దాన్ని తువ్వాలులో చుట్టుకుని తెనాలి వెళ్ళేవాడు. సారా దాన్ని పిల్లల వార్డు కిటికీలో పెట్టేది. ఆ తర్వాత స్టేషన్లో బెంచీ మీద కూర్చుని, ఈ బొమ్మ చూస్తే పిల్ల ఏమనేదో ఆలోచించేవాడు. అన్నీ పచ్చి అబద్ధాలే. అయినా ఆ కాసేపూ మాణిక్యం పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నట్టే ఉండేది.

“ఏమందండి?” అని అడిగేది కుసుమకుమారి.

“రాక్షసుడికి మీసం ఒక పక్కే దువ్వావంట. ‘అమ్మ మధ్యలో నిద్రపోయిందేంటి నాన్నా’ అంది.”

“ఇంకా చెప్పండి.”

చెప్పేవాడు. చెబుతూ చెబుతూ నవ్వేవాడు. వారంలో ఆ ఒక్క పూటే కడుపునిండా అన్నం తినేవాడు. పిల్లని ఎప్పుడు తీసుకొస్తారని మాత్రం ఆమె ఏనాడూ అడగలేదు. డాక్టరు మాట బుద్ధిగా వింటోంది, బతికించింది, అనుకునేవాడు. తర్వాత గొడ్లచావిట్లోకి వెళ్ళి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చేవాడు.

పద్నాలుగో బొమ్మ తర్వాత కాన్పయింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం.

ఇరవై ఒకటో రోజు బారసాల. బంధువులు వస్తారు, ఎవరో ఒకరు నోరు జారతారు. ఇక తనే చెప్పాలి. పొద్దున్నే లేచి, పోయిన తల్లి ఫోటో అద్దానికి రోజూలాగే కుంకుమ బొట్టు పెట్టాడు. ఆ తల్లి పేరే పెద్దపిల్లకు పెట్టుకున్నారు. కుంకుమ బరిణె చేతిలో ఉండగానే భార్య మంచం దగ్గరికి వెళ్ళాడు.

“కుసుమా, ఒక మాట...” అన్నాడు.

“ముందు ఇది చూడండి,” అని దిండు కింద నుంచి అద్దం తీసి ఇచ్చింది.

ఈసారి కోతీ కాదు, రాక్షసుడూ కాదు. మాణిక్యం. రెండు జడలు, ఊడిన పక్క పన్ను, నిమ్మకాయలంత కళ్ళు. అచ్చం పిల్లే, నవ్వుతోంది. నుదురు మాత్రం బోసిగా ఉంది.

చెప్పాలనుకున్న మాట రాక, నోటికొచ్చింది అన్నాడు. “బొట్టు మర్చిపోయావు. ముఖం పూసేశావు, ఇంక లోపల పెట్టలేవుగా.”

కుసుమకుమారి అతని చేతిలో బరిణె మూత తీసింది.

“మర్చిపోలేదండి, మీరు నూతి దగ్గర తలారా పోసుకుని గుమ్మం తొక్కిన సాయంత్రమే తెలిసింది, దీని బొట్టు అద్దం పైన పెట్టాలని.”